నానమ్మకి చెప్పని పోటీ

లేబర్ డే అంటే పనిచేసేవాళ్ళకి సెలవు. ఫ్రిస్కోలోని తేజేశ్వర్ ఇంట్లో మాత్రం ఆ సోమవారం తెల్లవారీ తెల్లవారకముందే మిక్సీ మోత మొదలైంది. తేజేశ్వర్ తల్లి నాగమల్లేశ్వరి గారెలకి పప్పు రుబ్బుతోంది. బాపట్ల నుంచి వచ్చి నెలలు గడిచినా ఈ దేశపు మిక్సీ మీద ఆవిడకి ఇంకా నమ్మకం కుదరలేదు. మూత మీద అరచెయ్యి అదిమిపెట్టి, ఎక్కడ ఎగిరిపోతుందో అన్నట్టు దాన్నే చూస్తూ నిలబడింది.

"ఇంత పిండి ఎందుకు అత్తయ్యా? మనం ముగ్గురమే కదా ఇంట్లో?" అంది కోడలు రష్మి, కాఫీ కప్పు ఆవిడ పక్కన పెడుతూ.

"ముగ్గురమేంటి? శశికళ గారినీ వాళ్ళాయన్నీ రమ్మన్నాను. మన అనిక పోటీ టీవీలో లైవ్ వస్తుంటే ఒక్కదాన్నే కూచుని చూడనా? చూసినట్టే ఉండదు."

రష్మి చేతిలో ఇంకో కప్పు ఉండి ఉంటే అది కచ్చితంగా కిందపడేది.

"ఈ రోజా? లైవ్ వస్తుందో రాదో అత్తయ్యా. లింక్‌కి పాస్‌వర్డ్ కావాలిట."

"అయితే మీ ఆయన్ని అడుగు. పిల్లని తీసుకుని శాన్ ఆంటోనియో దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళినవాడు ఆ మాత్రం పాస్‌వర్డ్ కనుక్కోలేడా?" అని ఆవిడ మళ్ళీ మిక్సీ తిప్పింది. ఇక ఆ మోతలో ఎవరేం చెప్పినా వినపడదు.

అసలు గొడవేమిటంటే, పన్నెండేళ్ళ అనిక వెళ్ళింది స్పెల్లింగ్ బీ పోటీకి కాదు. స్పెల్లింగ్ బీ అని నమ్మింది ఒక్క నాగమల్లేశ్వరే. నమ్మి ఊరుకుంటే బాగానే ఉండేది. పొద్దున్నే నడకకి వెళ్ళే పార్కులో కనపడ్డ ప్రతి తెలుగు మనిషికీ టముకు వేసి మరీ చెప్పింది. రోజూ బాదం పప్పులు నానబెట్టి, తొక్క తీసి, స్కూలుకి వెళ్ళే పిల్ల నోట్లో కుక్కింది.

అనిక వెళ్ళింది దేశం మొత్తం మీద పిల్లలకి జరిగే బైబిల్ పోటీకి.

రష్మిది కాకినాడ. పుట్టి పెరిగింది క్రైస్తవుల ఇంట్లో. తేజేశ్వర్‌తో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. రెండు వైపులవాళ్ళూ కొన్నాళ్ళు ముఖాలు ముడుచుకుని, చివరికి కళ్యాణ మండపంలో ఒకసారి, చర్చిలో ఒకసారి పెళ్ళి చేశారు. ఆ తర్వాత దేవుళ్ళ గురించి ఎవరూ ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోట్లాట ఉండదు కదా అని అందరూ సంతోషించారు. కుటుంబాల్లో చాలా శాంతి ఇలాంటిదే.

ఏటా కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో రష్మి బైబిలు వాక్యం రాసి ఉన్న ఒక వాగ్దానం కార్డు తీసుకుంటుంది. ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాటగా దాన్ని చిన్న ఫ్రేములో పెట్టి డైనింగ్ టేబుల్ పక్క గోడకి తగిలిస్తుంది. అత్తమామలు వస్తున్నారంటే మాత్రం, విమానం దిగకముందే ఆ ఫ్రేము అలమారలోకి, బైబిలు మేజోళ్ళ సొరుగులోకి వెళ్ళిపోతాయి. తీయమని ఎవరూ చెప్పలేదు. తీయొద్దనీ ఎవరూ చెప్పలేదు.

ఈ ఏడాది అనిక టెక్సస్ రాష్ట్రం పోటీలో నెగ్గి జాతీయ పోటీకి ఎంపికైంది. "ఏంటే తల్లీ, అస్తమానం గొణుక్కుంటున్నావు?" అని నానమ్మ అడిగిన రోజున, పిల్ల నోరు తెరిచే లోపల తేజేశ్వర్ అడ్డుపడి, "స్పెల్లింగ్ బీ అమ్మా, స్పెల్లింగ్ బీ" అనేశాడు. తెలుగువాళ్ళ పిల్లలు అమెరికాలో ఇంకేం చేస్తారని ఆవిడ అనుమానిస్తుంది?

అక్కడినుంచి తల్లీ కూతుళ్ళ చదువు కారులోకి మారింది. స్కూలు నుంచి ఇల్లు చేరాక వెంటనే దిగరు. డ్రైవ్‌వేలో కారు ఆపి, ఏసీ వేసుకుని, అనిక అధ్యాయాలకి అధ్యాయాలు అప్పజెప్పేది, రష్మి తప్పులు దిద్దేది. కిటికీ బ్లైండ్స్ సందులోంచి నాగమల్లేశ్వరికి ఇద్దరి నోళ్ళూ ఆడటం కనిపించేది. ఒక్క మాట వినపడేది కాదు. ఇంట్లోకి రాగానే ఇద్దరూ నోరు మూసేసుకునేవారు. ఆవిడకి ఏమనిపించి ఉంటుందో వేరే చెప్పాలా?

*

శశికళ, రామమోహన్ దంపతులు పదకొండింటికల్లా పులిహోర గిన్నెతో దిగారు. వాళ్ళు ఇదే వీధి చివర కొడుకు ఇంట్లో ఉంటారు. రష్మి అదనపు కుర్చీలకోసం గరాజ్‌లోకి వెళ్ళింది. నిజానికి కుర్చీలు ఉన్నవి చాలు. ఆమెకి రెండు నిమిషాలు ఎవరూ లేనిచోట నిలబడాలనిపించింది. కూతురు స్టేజ్ ఎక్కే రోజున పక్కన ఉండాలని ఎంత ఆశపడింది! తను కూడా వెళ్తే ఇంట్లో ప్రశ్నలు లేస్తాయని భర్తని పంపి ఆగిపోయింది. ఇప్పుడు టీవీలో అయినా చూసుకునే దారి లేకుండా పోయింది.

సరిగ్గా అప్పుడే వంటింటి గట్టుమీద ఛార్జింగ్‌లో ఉన్న ఆమె ఫోను మోగింది. వీడియో కాల్. నాగమల్లేశ్వరి పిండి చేత్తోనే చిటికెన వేలితో పచ్చ బొత్తాం నొక్కింది.

"రష్మీ! ఫైనల్స్‌కి వచ్చేసింది! ఇంతమందిలో ఎనిమిదిమందే మిగిలారు, మనది ఉంది! ఇదిగో, స్టేజ్ చూడు!" అని తేజేశ్వర్ ఆనందం పట్టలేక ఫోను అటు తిప్పాడు.

స్టేజ్ వెనక నీలం రంగు పెద్ద బ్యానర్ కట్టి ఉంది. నాగమల్లేశ్వరి ఇంగ్లీషు నిదానంగా చదువుతుంది గాని తప్పు చదవదు. నేషనల్, యూత్ అని రెండు మాటలు దాటి మూడో మాట దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది.

"తేజా, స్పెల్లింగ్ పోటీ ఏ హాల్లోరా?"

అవతల ఫోను ఒక్కసారి ఊగి, కొడుకు మొహం కనిపించింది. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టు ఉన్నాడు.

"అమ్మా, నువ్వా! రష్మి ఏది?"

"కుర్చీలు తెస్తోంది. మీ స్పెల్లింగ్ బీ చూడ్డానికి వచ్చిన చుట్టాలకి."

"అదీ, అమ్మా, ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు, మళ్ళీ చేస్తాను" అని పెట్టేశాడు. సిగ్నల్ దివ్యంగా ఉంది.

రష్మి రెండు కుర్చీలతో వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారు పొయ్యి ఆర్పి నిలబడి ఉంది. మూకుడులో సగం వేగిన గారెలు అలాగే ఉన్నాయి. గారెలు మూకుట్లో ఉండగా ఆవిడ పొయ్యి ఆర్పడం రష్మి ఎప్పుడూ చూడలేదు.

"మీ ఆయన ఫోన్ చేశాడు. పిల్ల ఫైనల్స్‌కి వచ్చిందట. బైబిల్ పోటీలో."

రష్మి కుర్చీలు చేతిలోంచి దించను కూడా లేదు.

"ఎన్నాళ్ళయింది ఈ నాటకం?" అంది నాగమల్లేశ్వరి.

"మల్లీ, కాస్త మెల్లిగా. హాల్లో వాళ్ళున్నారు" అంటూ మావగారు ఈశ్వరయ్య తలుపు దగ్గరికి వచ్చాడు. "పాపం, పిల్ల బాగా చదివింది. నాకు తెలుసు కదా."

తనేం అన్నాడో ఆయనకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"మీకూ తెలుసా?"

"అంటే... సాయంత్రం చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళ్ళినప్పుడు కారు అద్దం కాస్త దించి ఉంది. వినపడింది. మనకెందుకులే అని..."

"అంటే ఇంటిల్లిపాదికీ తెలుసు. నేనొక్కదాన్నే పిచ్చిదాన్నయ్యాను. బాదం పప్పులు నానబెట్టుకుంటూ!"

హాల్లో రామమోహన్ టీవీ రిమోట్ వెతికి పట్టుకుని సౌండు పెంచాడు. ఎవరో తెల్లాయన గడ్డి కోసే యంత్రం గురించి గట్టిగా చెప్పసాగాడు. పెద్దమనుషులు ఇలాంటప్పుడు చేయగలిగింది అంతే.

"మీరు బాధపడతారని దాచాం అత్తయ్యా" అంది రష్మి. "మొదటిసారి మీరీ ఇంటికి వచ్చినప్పుడు గోడమీద నా వాగ్దానం కార్డు ముందు నిలబడి చూశారు. ఒక్క మాట అనకుండా గదిలోకి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి మీరొస్తున్నారంటే చాలు, ముందు అది తీసేస్తాను. మా అమ్మ ఫోన్ చేసి ప్రార్థన చేద్దామంటే బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంటాను. నా ఇంట్లోనే అత్తయ్యా! దొంగతనం చేసినట్టు!"

మాట పూర్తయ్యాక తనే బెదిరిపోయింది. పద్నాలుగేళ్ళుగా లోపల పెట్టుకున్నది ఇలా పిండి గిన్నెల మధ్య బయటపడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

నాగమల్లేశ్వరి చేతికి ఎండిపోతున్న పిండిని గోటితో గీకింది.

"చూశాను. వెళ్ళిపోయాను. నిజమే" అంది చివరికి. "నచ్చలేదు కాబట్టి వెళ్ళిపోయాను. నచ్చిందని ఇప్పుడూ అబద్ధం చెప్పను. నా మనవరాలు నా దేవుడి పద్యాలు చెప్తే బాగుండునని నాకూ ఉంటుందిగా! కానీ తర్వాతసారి వచ్చేసరికి గోడ బోసిగా ఉంది. మేకు మాత్రం ఉంది. నేను వచ్చానని తీశావని అర్థమైంది. ఆ మేకు చూస్తూనే అన్నం తిన్నాను, వచ్చిన ప్రతిసారీ. మళ్ళీ పెట్టుకోమ్మా అని ఒక్క మాట అందామనుకునేదాన్ని. నోరు వచ్చేది కాదు."

"అత్తయ్యా..."

"నన్ను చెప్పనీ. మీ ఇద్దరూ కార్లో కూచుని మాట్లాడుకుంటుంటే నేనేమనుకున్నానో తెలుసా? నా మీద చాడీలు చెప్పుకుంటున్నారనుకున్నాను. ఇంట్లోకి రాకముందే పిల్లకి నా మీద నూరిపోస్తున్నావనుకున్నాను. రోజూ ఆ కిటికీ దగ్గర నిలబడి ఏడ్చుకున్నాను. నవ్వుతున్నారు లోపల, నా గురించే నవ్వుతున్నారనుకున్నాను." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "శ్రావణ శుక్రవారం నాడు నేను పూజ చేసుకుంటే పీట వేసింది నువ్వు. పువ్వులు తెచ్చింది నువ్వు. నాది హాల్లోనూ, మీది కార్లోనూనా? నేనంత కానిదాన్నా?"

రష్మి కుర్చీలు వదిలేసింది. రెండూ దబ్బున పడ్డాయి. ఆ చప్పుడుకి హాల్లో శశికళ "అయ్యో!" అంది. అత్తా కోడళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే, ఈశ్వరయ్య తనకి ఏమీ పని లేకపోవడం చూసి పొయ్యి వెలిగించాడు. గారెలు నూనె పీల్చి పాడవకుండా కాపాడిన ఘనత మాత్రం ఆయనదే.

ముందు తేరుకున్నది నాగమల్లేశ్వరి. పమిట చెంగుతో మొహం తుడుచుకుని, "పోటీ మొదలైపోయి ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ సంగతేంటి?" అంది.

"పాస్‌వర్డ్ లేదు అత్తయ్యా. ఎవరైనా చూడొచ్చు."

"ఓసి నీ! ఎన్ని అబద్ధాలే!" అని ఆవిడ కోడలి నెత్తిమీద మొట్టికాయ వేసింది. కోడలి జుట్టు నిండా మినప్పిండి అయింది.

*

టీవీ తెరమీద ఎనిమిదిమంది పిల్లలు వరసగా కూచుని ఉన్నారు. నీలం చుడీదారు వేసుకుని, కాళ్ళు ఆడిస్తూ, చివరినుంచి రెండో కుర్చీలో అనిక.

శశికళ కళ్ళజోడు సర్దుకుంది. "స్పెల్లింగ్ బీ అన్నారు కదా మల్లేశ్వరి గారూ, మరి ఆ బ్యానర్ మీద..."

ఇంత జరిగాక కూడా, నలుగురి ముందు అత్తగారు ఏమంటుందో రష్మికి తెలియదు. వంటింట్లో ఏడవడం వేరు, హాల్లో ఒప్పుకోవడం వేరు. రేపు పొద్దున్న పార్కులో అందరికీ తెలిసేది ఇప్పుడు ఈవిడ నోట వచ్చే మాటే.

"స్పెల్లింగ్ బీ కాదండీ" అంది నాగమల్లేశ్వరి, గారెల పళ్ళెం శశికళ చేతికిస్తూ. "బైబిల్ పోటీ. మా కోడలు నేర్పింది. పెద్ద ఉద్యోగం చేసుకుంటూ, వంట చేసుకుంటూ, రోజూ కూచోబెట్టి నేర్పింది. అల్లం చట్నీ వేసుకోండి."

శశికళ చట్నీ వేసుకుంది. రష్మి గబుక్కున నీళ్ళ గ్లాసులకోసం వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ తలుపు తీసి, ఏమీ తీసుకోకుండా కాసేపు దాని ముందు నిలబడి వచ్చింది.

అనిక వంతు వచ్చింది. బైబిల్లోని ఒక పెద్ద కీర్తన మొత్తం చూడకుండా చెప్పాలి. పిల్ల మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. గొంతు మొదట సన్నగా వచ్చి, తర్వాత కుదురుకుంది. నాగమల్లేశ్వరికి ఆ ఇంగ్లీషు సగం అర్థమైంది, సగం కాలేదు. కానీ కంఠస్థం చేసిన గొంతు ఎలా ఉంటుందో ఆవిడకి బాగా తెలుసు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఎదురుగా కూచోబెట్టి పద్యాలు అప్పజెప్పించుకునేవాడు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకుంటోంది పిల్ల. తొందర లేదు. తడబాటు లేదు.

పక్కనుంచి ఏదో సన్నని శబ్దం వినిపించి ఆవిడ తిరిగి చూసింది. రష్మి పెదవులు కదులుతున్నాయి. టీవీలో ఇంగ్లీషు వినిపిస్తుంటే, ఈమె గొణుగుతున్నది తెలుగు.

"నీకూ మొత్తం వచ్చా?" అని చెవిలో అడిగింది.

"చిన్నప్పుడు మా అమ్మ నేర్పింది అత్తయ్యా. కరెంటు పోతే భయం వేయకుండా చెప్పుకోమనేది."

నాగమల్లేశ్వరి ఇక టీవీ వైపు తిరగలేదు. కోడలి మొహమే చూస్తూ వింది. ఇన్నేళ్ళుగా తనకి భోజనం వడ్డించిన మనిషి దేన్ని తలుచుకుని ధైర్యం తెచ్చుకుంటుందో కూడా తనకి తెలియదు. అడగలేదు కాబట్టి తెలియలేదు. ఆ సంగతి ఆవిడ గుండెల్లో సూటిగా గుచ్చుకుంది.

ఉన్నట్టుండి టీవీలో గొంతు ఆగింది.

అనిక కళ్ళు తెరిచింది. పైకి చూసింది. పక్కకి చూసింది. రష్మి కుర్చీలోంచి లేచిపోయింది. "చెప్పు నాన్నా, చెప్పు, వచ్చు నీకు" అని టీవీకి చెప్తోంది. శశికళ నోట్లో గారె అలాగే ఉంది. నాగమల్లేశ్వరి తనూ లేచి కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని, పైకి చూసి, "ఓ స్వామీ, నువ్వైనా ఆయనైనా, ఎవరో ఒకరు పిల్లకి గుర్తు చెయ్యండయ్యా!" అంది.

రామమోహన్ ఫక్కున నవ్వాడు. నవ్వుతుండగానే పిల్ల అందుకుంది. చివరి మాట దాకా ఆగలేదు. అక్కడి హాల్లో చప్పట్లు మోగాయి, శాన్ ఆంటోనియోలో కన్నా ఫ్రిస్కోలోనే ఎక్కువ మోగాయి.

ఆ ఆగినందుకు మార్కులు తగ్గాయి. అనికకి మూడో స్థానం వచ్చింది. మెడలో పతకం వేస్తుంటే పిల్ల నవ్వుతూనే ఎవరికోసమో కెమెరా వైపు చూసింది. మూడో స్థానానికి నాగమల్లేశ్వరి ఒప్పుకోలేదు. మొదటి స్థానం వచ్చిన పిల్ల మరీ గబగబా చెప్పిందని, మార్కులేసినవాళ్ళకి చెవులు లేవని తేల్చేసింది.

*

కాసేపటికి ఫోన్ వచ్చింది. ఈసారి రష్మి పక్కన అత్తగారు కూడా తెరలోకి తల పెట్టింది.

తేజేశ్వర్ అమ్మని చూడగానే భయపడి ఫోను పిల్ల చేతికిచ్చి తప్పుకున్నాడు. పోటీకి ముందు చెప్తే పిల్ల కంగారు పడుతుందని అతను ఇక్కడి సంగతి అనికకి చెప్పలేదు. అనిక మెడలో పతకం గబుక్కున చుడీదారు లోపలికి తోసేసింది. రష్మి "అనీ, నానమ్మకి..." అని మొదలుపెట్టబోతే, నాగమల్లేశ్వరి ఆమె చెయ్యి నొక్కి ఆపింది.

"హాయ్ నానమ్మా! నేను థర్డ్ వచ్చింది. స్పెల్లింగ్‌లో" అంది తన అమెరికా తెలుగులో.

"అబ్బో! ఏ పదం ఇచ్చారు తల్లీ?" అంది నాగమల్లేశ్వరి, మొహంలో ఏమీ తెలియనివ్వకుండా.

"పదం... చాలా లాంగ్ పదం నానమ్మా. నాకు గుర్తు లేదు ఇప్పుడు."

"అదేంటే, స్పెల్లింగ్ గుర్తుంటే పదం గుర్తుండదా?"

అనిక తెల్లమొహం వేసి తల్లి వైపు చూసింది. వెనక ఈశ్వరయ్య, రామమోహన్ నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నారు. పిల్ల కళ్ళు కిందికి దించుకుంది. ఆ పాపం చిన్నది కాదని, అది మొయ్యడం పన్నెండేళ్ళ పిల్లకి కష్టంగా ఉందని ఆ మొహం చూస్తే తెలుస్తోంది. నాగమల్లేశ్వరికి ఆటపట్టించాలన్న సరదా అక్కడితో పోయింది.

"ఆ పతకం బయటికి తియ్యి తల్లీ. సరిగ్గా కనపడనీ నాకు."

అనిక కదలలేదు.

"నువ్వు కళ్ళు మూసుకుని మొదలుపెట్టావు. మధ్యలో ఆగి పైకి చూశావు. నాకు ప్రాణం పోయింది. మళ్ళీ అందుకుని చివరిదాకా చెప్పావు. చూశాను అమ్మలూ. ముందునుంచీ చివరిదాకా, మీ అమ్మ పక్కన కూచుని చూశాను."

"నిజంగా చూసిందా నానమ్మా? నీకు కోపం రాలేదా?"

"వచ్చింది. నాకు చెప్పనందుకు వచ్చింది. నువ్వు చెప్పిన దానికి రాలేదు."

అనిక ఏడుస్తూ, ఏడుస్తూనే నవ్వుతూ పతకం బయటికి లాగి ఫోనుకి ఎంత దగ్గరగా పెట్టిందంటే, తెర మొత్తం రాగిరంగు మసక తప్ప ఇంకేమీ కనపడలేదు. అయినా నాగమల్లేశ్వరి కళ్ళజోడు పెట్టుకుని దాన్నే చూస్తూ, "బాగుందమ్మా, చాలా బాగుంది" అంటూనే ఉంది.